సోలార్, శెనక్కాయ, జాతీయ మిషన్లు: సీమలో వినపడే అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఉండి డీపీఆర్‌లు (ప్రాజెక్టుల పూర్తి వివరాల నివేదికలు) రాయడం నా పని. ఢిల్లీలో ఒక మిషన్ ప్రకటించాక అది మన మండలాల్లో ఎక్కడ దిగుతుంది, లైను ఎటు పోతుంది, ఖర్చెంత అని లెక్క కట్టాలి. ఆ సంగతి తెలిస్తే చాలు, పెళ్ళిలోనైనా టీ కొట్టు దగ్గరైనా జనం పట్టుకుని అనే మాటలు ఇవి.

అపోహ: మన దగ్గర ఎండ ఎక్కువ, అందుకే సోలార్ వచ్చింది.

ఎండ మనకేం కొత్తబ్బా! 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడూ ఇదే ఎండ. మా కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ళ దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు మాత్రం 2017కి గానీ పూర్తి కాలేదు. దారి తెరిచింది 2014 డిసెంబరులో వచ్చిన సోలార్ పార్కుల పథకం. కంపెనీవాళ్ళు రైతుల ఇళ్ళ చుట్టూ, ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగే పని లేకుండా భూమి, రోడ్లు, సబ్‌స్టేషన్లు ముందే సిద్ధం చేసి పెడతారు. డీపీఆర్‌కు పార్కుకు 25 లక్షల వరకు కేంద్రం ఇచ్చింది. (అందులో నాలాంటివాడి దాకా వచ్చేదెంత అని అడక్కండి.)

గని దగ్గర దాదాపు 6,000 ఎకరాలు తీసుకున్నారు. ప్యానెళ్ళ కరెంటు 33 కేవీలో నాలుగు పూలింగ్ సబ్‌స్టేషన్లకు (కరెంటును ఒకచోట కలిపేవి) చేరి, అక్కడ 220 కేవీకి, ఆ తర్వాత 400 కేవీకి ఎక్కి గ్రిడ్‌లో కలుస్తుంది. కొనేవాళ్ళతో 25 ఏళ్ళ ఒప్పందం ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బ్యాంకులో అప్పు పుట్టదు. అప్పు పుట్టకపోతే ఎండకు బండలు కాలడమే తప్ప ఇంకేం జరగదు.

అపోహ: టార్గెట్ తప్పింది, కాబట్టి ప్లాన్ ఫెయిల్.

మొదట పెట్టుకున్నది 2022కి 20,000 మెగావాట్లు. 2015లో దాన్ని లక్ష చేశారు. 2022 చివరికి తేలింది 63 వేల చిల్లర. లక్ష దాటేసరికి 2025 జనవరి వచ్చింది. ఇళ్ళ కప్పుల మీద 40 వేలు వస్తాయనుకున్నారు, దెబ్బ ఎక్కువగా పడింది అక్కడే.

కానీ ధర చూడండి. తక్కువ ధరకు ఇస్తామన్నవాళ్ళకే పని దక్కే వేలం ఇది. 2010లో మొదటి వేలంలో యూనిట్ 12 రూపాయలు అటూ ఇటూ. 2015 నవంబరులో గని పార్కులో 4.63. 2017 ఏప్రిల్‌లో కడప పార్కు 250 మెగావాట్ల వేలంలో 3.15. ఏడేళ్ళు తిరక్కుండానే నాలుగో వంతుకు దిగింది. చైనాలో ప్యానెళ్ళు చవకవడం పెద్ద కారణమే, అంతా మన గొప్పే అనను. అయితే భూమి తగాదాలు, లైను గొడవ లేవంటే వడ్డీ తగ్గుతుంది, వడ్డీ తగ్గితే యూనిట్ ధర తగ్గుతుంది. ప్లాన్ పనిచేసిందా లేదా అని నేను చూసేది ఈ ధరలోనే.

దేశం తడబడింది ఫ్యాక్టరీల దగ్గర. ఇక్కడ తయారైన ప్యానెళ్ళే వాడాలన్న షరతు థిన్ ఫిల్మ్‌కు (పలుచని పొరతో చేసే మరో రకం ప్యానెళ్ళు) వర్తించలేదు. దాంతో చాలా కంపెనీలు దిగుమతి థిన్ ఫిల్మ్ వైపు జారుకున్నాయి. ఆ షరతు మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు (డబ్ల్యూటీవో) వెళ్ళింది, 2016లో మనం ఓడిపోయాం. దిగుమతి ప్యానెళ్ళ మీద 40 శాతం సుంకం 2022 ఏప్రిల్‌కి గానీ రాలేదు. అప్పటికే గని పార్కు నడవబట్టి ఐదేళ్ళు.

అపోహ: మంచి టెక్నాలజీ కనిపెడితే చాలు, మిగతాది అదే జరుగుతుంది.

అనంతపురం శెనక్కాయను అడగండి. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టారు. అప్పటికి దేశంలో నూనెగింజల దిగుబడి 108 లక్షల టన్నులు. 1998-99కి అది 250 లక్షలకు దగ్గరపడింది. విత్తనం, మిల్లు, ధర మూడూ కలిపి పట్టుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది. 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లు తెరిచాక ఆ మూడింటిలో ధర అనే కాలు విరిగింది.

విత్తనం సంగతి ఇంకా చిక్కు. కదిరి పరిశోధన కేంద్రం కొత్త రకాలు ఇస్తూనే ఉంది, అయినా 1940 నాటి టీఎంవీ-2 రకాన్ని మన రైతులు ఏళ్ళ తరబడి వదల్లేదు. మొండితనం కాదు అది. జొన్నకైతే ఎకరాకు నాలుగైదు కిలోల గింజలు చాలు. శెనక్కాయకు 60 కిలోలు పైనే కావాలి, బస్తా వేస్తే మంచి ఏడాదిలో వచ్చేది ఎనిమిదో, పదో బస్తాలు. కొత్త రకం లక్షల ఎకరాలకు పాకాలంటే వరుసగా మంచి వానలు పడాలి. అనంతపురంలో! కరువొస్తే రైతు దాచుకున్న విత్తనకాయలే అమ్ముకుంటాడు. జూన్‌లో మళ్ళీ సబ్సిడీ కాయల కోసం పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నిలబడతాడు, ఏ రకం ఇస్తే అదే వేస్తాడు.

అపోహ: ప్లానింగ్ కమిషన్ పోయింది, ఇప్పుడు దూరదృష్టి లేదు.

12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది, నిజమే. ఇప్పుడు ఆ పని మిషన్ల పేరుతో నడుస్తోంది: 2021లో సెమీకండక్టర్లకు (చిప్‌ల తయారీకి) 76,000 కోట్లు, 2023లో క్వాంటమ్ టెక్నాలజీకి 6,003 కోట్లు. మారనిది ఒక్కటే. పరిశోధనకు జీడీపీలో 2 శాతం అని 2003 సైన్స్ విధానంలో రాశారు, 2013లో మళ్ళీ రాశారు. ఖర్చు 0.7 శాతం కూడా దాటడం లేదు.

అపోహ: కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఉంది, ఇక కరెంటుకు కొదవేంటి?

అక్కడి ఖనిజంలో యురేనియం చాలా తక్కువ. పైగా అది సున్నపురాయి జాతి రాయి, యాసిడ్ పోస్తే రాయే తాగేస్తుంది. అందుకే యాసిడ్ బదులు క్షార పద్ధతిలో తీస్తారు. నేలలో ఖనిజం ఉన్నంత మాత్రాన కరెంటు కొదవ తీరిపోదు.

అపోహ: పార్కు వస్తే ఊళ్ళో అందరికీ ఉద్యోగాలు.

డీపీఆర్‌లో ఉపాధి అని ఒక కాలమ్ ఉంటుంది. దాన్ని పనిదినాల్లో చూపిస్తే అంకె లక్షల్లో కనపడుతుంది. అందులో ఎక్కువ భాగం గుంతలు తీసే, స్తంభాలు పాతే ఏడాదిన్నరది. ఆ తర్వాత మిగిలేది ప్యానెళ్ళు కడగడం, గడ్డి కోయడం, కాపలా, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్ల షిఫ్టులు. మీ ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఆ మొత్తం అంకె వద్దు, నిర్వహణలో ఏడాది పొడుగునా ఎంతమంది ఉంటారో విడిగా అడగండి. జవాబు మినిట్స్‌లో రాయించండి.