సోలార్ ఛార్జర్ సొంతంగా కట్టుకోవాలా, కొనుక్కోవాలా? అపోహలు - వాస్తవాలు

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో మిద్దె మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. ఇంత ఎండ పెట్టుకుని ఫోనుకు కరెంటు కోసం చూడటమేంటి అనిపించడం సహజం. ఆ ఊపులోనే కొందరు సోలార్ పవర్‌బ్యాంక్ కొనేస్తారు, కొందరు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటారు. ఇద్దరూ ఎక్కువగా దెబ్బతినేది కింద రాసినచోట్లే.

అపోహ: ఎండ ఎంత మండితే అంత కరెంటు.

ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు. వేడి దానికి శత్రువు. వెనక స్టిక్కర్ మీద రాసిన వాట్లు ప్యానెల్ వేడి 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ సిలికాన్ ప్యానెల్ దాదాపు 0.4 శాతం కోల్పోతుంది. మన వేసవిలో ప్యానెల్ తేలిగ్గా 65 డిగ్రీలకు చేరుతుంది. అంటే 40 డిగ్రీలు ఎక్కువ, 16 శాతం నష్టం. దుమ్ము, వాలు తేడా కూడా కలిస్తే 10 వాట్ల ప్యానెల్ నుంచి 7 వాట్లు వస్తే సంతోషించాలి. దాన్ని 5 వోల్టులకు దించేసరికి మిగిలేది సుమారు 6. ఇప్పటి ఫోన్లలో 5000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ అంటే 19 వాట్-అవర్లు, అంటే ఒక వాటు చొప్పున 19 గంటలు ఇచ్చేంత శక్తి. ఛార్జింగ్ నష్టాలతో 23 అనుకోండి. మంచి ఎండలో నాలుగు గంటలు పడుతుందన్నమాట.

ప్యానెల్‌ను మిద్దె గచ్చు మీద పడుకోబెట్టకండి. కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనిస్తే వేడి కొంత దిగుతుంది.

అపోహ: వీపున ప్యానెల్ అతికించిన పవర్‌బ్యాంక్ ఉంటే ప్లగ్గుతో పనే లేదు.

లెక్క మీరే వేసుకోండి. పలక 14 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు. అంత జాగా మీద పడే ఎండలో 20 శాతాన్ని కరెంటుగా మార్చినా 2 వాట్లు దాటదు, మామూలుగా ఒకటిన్నర. లోపల 20000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 74 వాట్-అవర్లు. ఒకటిన్నర వాట్లతో నింపడానికి నష్టాలు కలుపుకుని దాదాపు 60 గంటల నిండు ఎండ కావాలి. రోజుకు ఐదు గంటల చొప్పున పన్నెండు రోజులు! పైగా ఆ పన్నెండు రోజులూ లిథియం సెల్‌ను ఎండలో కాలుస్తూ ఉండాలి. 45 డిగ్రీలు దాటాక లిథియం అయాన్ సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. ఇది సోలార్ తగిలించిన పవర్‌బ్యాంక్ మాత్రమే, సోలార్ ఛార్జర్ కాదు.

సొంతంగా కట్టేవాళ్లూ ఇదే తప్పు చేస్తారు. ప్యానెల్ వెనక డబ్బా అతికించి సెల్స్ అందులో పెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సెల్ మాత్రం పొయ్యి మీద కూర్చున్నట్టే. ప్యానెల్ ఎండలో, బ్యాటరీ నీడలో. ప్యానెల్ నుంచి వచ్చే తీగ కాస్త పొడవైనా పర్లేదు.

అపోహ: ఇంట్లో కడితే అన్నీ చవకే.

ప్యానెల్ వైపు చవక. బ్యాటరీ వైపు కాదు. మంచి సెల్స్, వాటిని కాపాడే ప్రొటెక్షన్ బోర్డు, వోల్టేజీని 5కు పెంచే బూస్ట్ బోర్డు, డబ్బా అన్నీ కొని లెక్క కడితే రెడీమేడ్ పవర్‌బ్యాంక్ ధర దాటిపోవడమే ఎక్కువ. అందుకే మా సలహా సగం సగం: ప్యానెల్ వైపు మీరు కట్టుకోండి, బ్యాటరీ వైపు కొనుక్కోండి. పవర్‌బ్యాంక్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద 'ఆర్-' తో మొదలయ్యే నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి, కంపెనీ పేరు సరిపోతుందో లేదో చూసుకోవచ్చు.

అపోహ: కట్టాలంటే ఎలక్ట్రానిక్స్ చదివి ఉండాలి.

అక్కర్లేదు, ఈ కొన్ని జాగ్రత్తలు తెలిస్తే చాలు. '12 వోల్టుల' ప్యానెల్ అన్నది పేరుకే. ఏమీ తగిలించనప్పుడు 21-22 వోల్టులు, పని చేసేటప్పుడు 17-18 ఇస్తుంది. దీన్ని నేరుగా యూఎస్‌బీకి కలిపితే ఫోను పోతుంది. వోల్టేజీని 5కు దించే 7805 ఐసీ పెడితే 18 వోల్టుల్లో 13 వేడిగా తగలేస్తుంది, హీట్‌సింక్ ముట్టుకోలేం. లిథియం సెల్‌ను ఛార్జ్ చేసే టీపీ4056 బోర్డు 8 వోల్టులు దాటితే చాలు, చచ్చిపోతుంది.

అన్నిటికంటే సులువైనది కారు ఛార్జర్, వోల్టేజీని 5కు దించే పని అదే చేస్తుంది. '12-24 వోల్టులు' అని రాసి ఉన్నదే తీసుకోండి, 12 మాత్రమే ఉంటే వద్దు. కావాల్సినవి ఇవీ: 20 వాట్ల గాజు ప్యానెల్ ఒకటి, కారు సిగరెట్ లైటర్ సాకెట్ ఒకటి, 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగ జత 3 మీటర్లు, 2 ఆంపియర్ల ఫ్యూజ్ హోల్డరుతో సహా. ప్యానెల్ ప్లస్‌ను ఫ్యూజ్ ద్వారా సాకెట్ మధ్య పిన్నుకు, మైనస్‌ను పక్క రేకుకు కలపండి. ఛార్జర్ గుచ్చేముందు మల్టీమీటర్‌తో (వోల్టులు, ఆంపియర్లు కొలిచే మీటర్) ప్లస్, మైనస్ సరిచూడండి. తీగ రంగును నమ్మొద్దు.

పొడవు తీగ ప్యానెల్ వైపే ఉండాలి, యూఎస్‌బీ కేబుల్ పొట్టిగా ఉండాలి. మార్కెట్లో దొరికే సన్న కేబుళ్లలో 28 గేజ్ (చాలా సన్నటి) తీగ ఉంటుంది. రెండు మీటర్ల కేబుల్‌లో పోనూ రానూ నాలుగు మీటర్లు, నిరోధం దాదాపు 0.85 ఓమ్‌లు. ఒక ఆంపియర్ లాగితే 5 వోల్టుల్లో 0.85 దారిలోనే పోతుంది, ఫోనుకు చేరేది 4.15. అప్పుడు 'స్లో ఛార్జింగ్' అని వస్తే ప్యానెల్‌ను తిట్టి లాభం లేదు.

20 వాట్లు ఎందుకంటారా? పవర్‌బ్యాంకులు చాలావరకు 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు అడుగుతాయి. 10 వాట్ల ప్యానెల్ అంత ఇవ్వలేక వోల్టేజీ కూలిపోతుంది. ఛార్జర్ ఆగుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. లైటు టుకుటుకుమని కొట్టుకుంటుందే తప్ప లోపలికేమీ ఎక్కదు. ఇదే కారణంగా ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న కారు ఛార్జర్ ఇక్కడ పనికిరాదు, మామూలు 5 వోల్టులదే మేలు.

అపోహ: మబ్బు తొలగితే ఛార్జింగ్ దానంతటదే పుంజుకుంటుంది.

చాలా ఫోన్లు మబ్బు పట్టినప్పుడు లాగే కరెంటు తగ్గించుకుని, ఎండ వచ్చాక కూడా అక్కడే ఉండిపోతాయి. కేబుల్ పీకి మళ్లీ గుచ్చాలి. మధ్యలో పవర్‌బ్యాంక్ పెట్టమనడానికి ఇదింకో కారణం. పగలంతా అది నింపుకుంటుంది, రాత్రి ఫోనుకు నిలకడగా ఇస్తుంది. ఇక మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిన రోజు ప్యానెల్ పదోవంతు ఇచ్చినా గొప్పే. వాన హెచ్చరిక రాగానే కరెంటు ఉండగానే ప్లగ్గులో నింపి పెట్టుకోండి.

అపోహ: ఒక మూల కాస్త నీడ పడితే ఏమవుతుంది?

చిత్తూరు మామిడి తోటల్లో కాపలా గుడిసెలకు ఈ ఛార్జర్ బాగా పనికొస్తుంది, చెడగొట్టేదీ ఆ చెట్లే. ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే 36 సోలార్ సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. ఒక గొట్టాన్ని ఒకచోట నొక్కిపట్టినట్టు, ఒక్క సెల్ పూర్తిగా మూసుకుపోతే మొత్తం ఆగినంత పనవుతుంది. ఒక్క మామిడాకు రాలి అడ్డం పడితే చాలు. కాకిరెట్ట సంగతి చెప్పక్కర్లేదు.

అపోహ: ప్యానెల్ ఎప్పుడూ దక్షిణానికే తిప్పాలి.

కదలకుండా బిగించేవాటికి సరే. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి, ఆ తర్వాత ఆగస్టు మధ్య దాకా ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో చదునుగా పెట్టడమే మంచిది. అనుమానమొస్తే ప్యానెల్ మీద పెన్ను నిటారుగా నిలబెట్టండి. నీడ ఎంత పొట్టిదైతే అంత సరిగ్గా తిప్పినట్టు.

అపోహ: పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఉచితంగా దొరుకుతుంటే కొనడమెందుకు?

తెలిసినవాళ్ల చేతిలో పర్లేదు. 2 వోల్టుల కిందికి పడిపోయిన సెల్‌ను మళ్లీ లేపొద్దు, పక్కన పడెయ్యండి. కొత్తవని అమ్మేవాటిలో '9900 ఎంఏహెచ్' అని రాసిన 18650 సెల్ (ల్యాప్‌టాప్‌లలో ఉండే గుండ్రటి లిథియం సెల్) పచ్చి అబద్ధం. మామూలుగా దొరికే అసలువి 2000 నుంచి 3500 మధ్య ఉంటాయి, బరువు 45 గ్రాములు అటూ ఇటూ. 30 గ్రాములే తూగితే కొనకండి.

అపోహ: కొండకు నడిచేటప్పుడు బ్యాగు మీద ప్యానెల్ కట్టుకుంటే చాలు.

అలిపిరి మెట్లదారిలో 3550 మెట్లు, చాలా దూరం పైకప్పు. నీడలో నడిచే బ్యాగుకు ప్యానెల్ బరువే తప్ప ఏమీ రాదు. ముందురోజు రాత్రి ఇంట్లో నింపిన 10000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ చాలు. రోజుల తరబడి ఆరుబయట తిరిగేవాళ్లైతే గాజు ప్యానెల్ మోయలేరు, మడతపెట్టే రకం కొనాల్సిందే. దాన్ని కూడా నడుస్తూ కాదు, ఆగినచోట పరిచి వాడాలి.

ప్యానెల్ కొనేటప్పుడు మధ్యాహ్నం పూట మల్టీమీటర్ పట్టుకెళ్లండి. ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, ప్యానెల్ రెండు కొసలకూ నేరుగా తాకించండి. ప్యానెల్‌కు ఏమీ కాదు. నిజమైన 20 వాట్లదైతే 1.2 ఆంపియర్ల దరిదాపుల్లో చూపిస్తుంది. 0.6 చూపిస్తే లోపలున్నది 10 వాట్ల ప్యానెలే, స్టిక్కర్ మాత్రమే 20. కొలిచాక ఎర్ర తీగను మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చడం మర్చిపోకండి, మీటర్లు ఎక్కువగా పోయేది అక్కడే.