డాక్టర్లు పెరిగితే సరిపోతుందా? మద్రాసు ఓపీలో వినిపించే అపోహలు, వాస్తవాలు

ఉత్తర చెన్నైలో ఒక నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మా ఓపీలో తెలుగు బాగానే వినిపిస్తుంది. కొరుక్కుపేట, తండయారుపేటల్లో తరాలుగా ఉంటున్నవాళ్లు కొందరు, నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి కూలిపనులకు వచ్చినవాళ్లు కొందరు. వీళ్లు అడిగేవీ, పండక్కి ఊరెళ్తే మా చుట్టాలు అడిగేవీ ఇంచుమించు ఒకటే.

అపోహ: వెయ్యి మందికి ఒక డాక్టరు ఉండాలని డబ్ల్యూహెచ్ఓ చెప్పింది. మన దగ్గర అంతమంది లేరు కాబట్టే ఈ అవస్థ.

టీవీ చర్చల్లో కూడా ఇదే మాట. నిజానికి డబ్ల్యూహెచ్ఓ అలాంటి కొలత ఏదీ పెట్టలేదు. 2006 నివేదికలో అది చెప్పింది వెయ్యి జనాభాకు డాక్టర్లు, నర్సులు, ప్రసవం చేసే నర్సులు అందరూ కలిపి కనీసం 2.28 మంది ఉండాలని. 2016లో ఆ సంఖ్యను 4.45కి పెంచింది. రెండు లెక్కల్లోనూ నర్సు ఉంది. మన చర్చల్లోకి వచ్చేసరికే ఆమె మాయమైపోతుంది.

మన దేశంలో 811 మందికి ఒక డాక్టరు ఉన్నారని 2025లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఇందులో ఆయుష్ వైద్యులనూ కలిపారు. రిజిస్టరైనవాళ్లలో 80 శాతం మంది పనిలో ఉన్నారని అనుకుని వేసిన లెక్క ఇది. సరే, అలాగే అనుకుందాం. 2014కు ముందు 51 వేల చిల్లర ఉన్న ఎంబీబీఎస్ సీట్లు కూడా లక్ష దాటాయి. అయినా 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలు చూస్తే సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో (ప్రాథమిక కేంద్రాలకు పై మెట్టు ఆసుపత్రులు) స్పెషలిస్టుల కొరత దాదాపు 80 శాతం. పట్టా పుచ్చుకున్నవాళ్లు అక్కడికి వెళ్లడం లేదు. వెళ్లినా క్వార్టర్సు ఉండదు, పిల్లలకు బడి ఉండదు, మత్తు డాక్టరు లేకపోతే సర్జన్ ఉండీ ఏం చేస్తాడు?

అపోహ: టీబీ వస్తే ఆసుపత్రిలో పడుకోబెట్టాలి. ఇంట్లో ఉంటే అందరికీ అంటుకుంటుంది.

దీనికి జవాబు ఈ ఊళ్లోనే, 1959లోనే దొరికింది. 1956లో చేట్‌పట్‌లో పెట్టిన క్షయ చికిత్సా కేంద్రం రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టును శానటోరియంలో, అంటే క్షయ రోగులను ఉంచే ఆసుపత్రిలో ఉంచింది, ఇంకో జట్టుకు ఇంటి దగ్గరే మందులిచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లు పేదలు, ఇరుకిళ్లలో ఉంటూ పనికి వెళ్లేవాళ్లు, తిండీ అంతంతమాత్రమే. అయినా ఏడాది తిరిగేసరికి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రోగితో కలిసి ఉన్నందుకు ఇంట్లోవాళ్లకు జబ్బు అదనంగా సోకిందీ లేదు. ప్రపంచమంతా టీబీని ఇంటి దగ్గరే నయం చేయడం మొదలైంది ఈ అధ్యయనం తర్వాతే. తాంబరం దగ్గర రైల్వే స్టేషన్‌కు మాత్రం శానటోరియం పేరు అలాగే ఉండిపోయింది.

కంచం, గ్లాసు వేరు పెట్టక్కర్లేదు. టీబీ గాలి ద్వారా వస్తుంది, ఎంగిలితో కాదు. కిటికీలు తీసి ఉంచండి, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, మందులు ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి.

ఆ తప్పనివ్వకపోవడం దగ్గరే మా పనంతా ఉంది. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు: మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే మనిషి హడలిపోయి మాత్రలు అటక మీద పడేస్తాడు. చెప్పాల్సింది ఎవరు? నేను చీటీ రాసి ఇచ్చేసరికి బయట ఇంకా పెద్ద క్యూ ఉంటుంది. టీబీ సూపర్‌వైజరే ఆయన్ను పక్కకు కూర్చోబెట్టి చెబుతాడు, వారం తర్వాత ఇంటికెళ్లి మాత్రల అట్ట చూస్తాడు, పనిచేసే చోటు మారితే ఫోన్ చేసి పట్టుకుంటాడు.

అలాగని అందరినీ ఇంటికి పంపేయడం కూడా తప్పే. తమిళనాడులో 2022 నుంచి టీబీ అని తేలగానే మూడు సంగతులు చూస్తున్నారు: మనిషి మరీ చిక్కిపోయాడా, ఊపిరి సరిగా ఆడుతోందా, పట్టుకోకుండా నిలబడగలడా. కావలి వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీని మా నర్సు ముందు త్రాసు ఎక్కించింది, ఎత్తు కొలిచింది, వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టింది. "అన్నా, గోడ పట్టుకోకుండా లేచి నిలబడు" అంది. ఆయన నిలబడలేకపోయాడు. నేను చూసేలోపే అడ్మిషన్ కోసం పై ఆసుపత్రికి ఫోన్ వెళ్లిపోయింది. టీబీ మరణాల్లో చాలావరకు మొదటి రెండు నెలల్లోనే జరుగుతాయి. ఆ సమయంలో మనిషిని కాపాడింది ఒక త్రాసూ, ఒక క్లిప్పూ, చూడటం తెలిసిన నర్సూ.

అపోహ: హెల్త్ వర్కర్ చూసే బీపీ, షుగరు ఏం నమ్మకం? డాక్టరే చూడాలి.

తను ఎవరి చేతిలో ఉందో యంత్రానికి తెలియదు. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల దగ్గరికే వైద్యం) పథకంలో మహిళా ఆరోగ్య వాలంటీర్లు ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిస్తారు. (సామనపల్లి, పేరు వింటే మన ఊరే అనిపించడం లేదూ?) కాలు పుండు పడి నడవలేని ముసలమ్మ మా దగ్గరికి రాదు. ఆ పుండును మొదట చూసేది వాలంటీరే.

అసలు కొరత ఇక్కడుంది. ఇలాంటి పనివాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లో, కాంట్రాక్టువాళ్లో. 2015లో రెగ్యులర్ చేస్తామని చెప్పి నెలకు 7,700 రూపాయలకు ఇక్కడ వేలమంది నర్సులను తీసుకున్నారు. వాళ్లు ఏళ్ల తరబడి రోడ్డెక్కాల్సి వచ్చింది. పని నేర్చుకున్న అమ్మాయి గల్ఫ్‌కో కార్పొరేట్ ఆసుపత్రికో వెళ్లిపోతే తప్పు ఆమెది కాదు. కొత్తగా వచ్చినామెకు మళ్లీ సందు సందూ పరిచయం కావాలి. డాక్టరు పోస్టు ఖాళీ అయితే పేపర్లో వార్త వస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్ సెలవు పెడితే కఫం డబ్బాలు అలాగే ఉండిపోతాయి, ఆ సంగతి ఎవరికీ పట్టదు.

అపోహ: ఊళ్లో ఆర్ఎంపీ ఉన్నాడుగా, చెయ్యి మంచిది.

రాత్రి తొమ్మిదికి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనొక్కడే అన్నది నిజం. ఆయన మీద కన్నా ఆ ఖాళీ వదిలినవాళ్ల మీదే నాకు కోపం ఎక్కువ. కానీ స్టెరాయిడ్ సూదితో తగ్గిన జ్వరం తగ్గినట్టు కాదు, షుగరు ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం. దగ్గుకని ఇచ్చే లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు టీబీని కొన్నాళ్లు అణచిపెడతాయి. మనిషి కుదుటపడ్డానని అనుకుంటాడు, జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు సూది కాదు, కఫం పరీక్ష కావాలి.

అపోహ: గవర్నమెంటు మాత్రలకు పవర్ తక్కువ.

షుగరుకు అదే మెట్‌ఫార్మిన్, బీపీకి అదే ఆమ్లోడిపిన్. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ మందులు కొని, ల్యాబుల్లో పరీక్ష చేయించాకే ఆసుపత్రులకు పంపుతుంది. అట్ట మీద రంగు తక్కువ, అంతే.

అపోహ: నా ఆధార్ ఆంధ్రాది, ఇక్కడ చూడరు.

ఓపీలో ఆ ప్రశ్నే రాదు. ముఖ్యమంత్రి బీమా పథకానికి మాత్రం మామూలుగా తమిళనాడు రేషన్ కార్డు అడుగుతారు. టీబీ మందులు దేశంలో ఎక్కడైనా ఉచితమే. పోషణకని ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు, అది మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. పని అయిపోయి ఊరికి బయల్దేరుతుంటే రెండు రోజుల ముందు మాకు చెప్పండి. టీబీ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ నిక్షయ్‌లో మీ పేరును మీ మండలం దగ్గరి కేంద్రానికి మారుస్తాం, అక్కడివాళ్లు మీకు ఫోన్ చేసేదాకా సరిపడే మాత్రలు చేతికిస్తాం.