తాళం కాలిపోయాక మిగిలిన తాళంచెవి

ప్రియమైన పిల్లలకు,

కార్చిచ్చులో ఊరు కాలిపోయిందని వార్తల్లో విన్నప్పుడు, ఆ తర్వాత అక్కడివాళ్ళు ఎలా బతుకుతారని మీరు అడుగుతుంటారు. తిండి, గూడు, వైద్యం ముందు కావలసినవి. అవి అందిన తర్వాత కూడా మనసులో మిగిలిపోయే బాధకు కొన్ని ఊళ్ళవాళ్ళు ఒక దారి వెతుక్కున్నారు: అందరి చేతులూ కలిపి ఒక జ్ఞాపకశిల్పం చేసుకోవడం. దాని గురించే ఈ ఉత్తరం.

మీలో కొందరి బాబాయిలూ పిన్నులూ ఉంటున్న కాలిఫోర్నియా రాష్ట్రంలోనే, ఉత్తరాన కొండమీద ప్యారడైజ్ అనే చిన్న పట్టణం ఉంది. 2018 నవంబరు 8 తెల్లవారుజామున, ఎన్నో దశాబ్దాల నాటి ఒక విద్యుత్ స్తంభం మీద అరిగిపోయిన కొక్కెం తెగి, తీగ జారి, నిప్పురవ్వలు ఎండుగడ్డి మీద పడ్డాయి. వానలు లేక ఎండిపోయిన అడవి, పైగా ఈదురుగాలి. కొద్ది గంటల్లోనే మంట ఊరిని చుట్టేసింది. 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి.

అంత మంటలో ఏ వస్తువు ఏమవుతుందో కాస్త వివరంగా చెబుతాను. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి, కార్ల చక్రాల రిమ్ములు కరిగి, వాలు వెంబడి పాకం కారినట్టు కారి, అక్కడే గట్టిపడిపోయాయి. గాజు మెత్తబడి వంకర తిరుగుతుంది. ఉక్కు అంత తేలికగా కరగదు గనుక పొయ్యిల, ఫ్రిజ్‌ల డొక్కులు నిలబడే ఉంటాయి. పింగాణీ కప్పులు మాత్రం ఒక్కోసారి చెక్కుచెదరకుండా బూడిదలో దొరుకుతాయి, ఎందుకంటే తయారైనప్పుడే అవి కొలిమిలో కాలి వచ్చాయి. ఇలా దొరికిన ముక్కలను కళాకారులు చేతిలోకి తీసుకుని బొమ్మలుగా, గోడమీది అలంకారాలుగా మలుస్తుంటారు.

ప్యారడైజ్‌లో జరిగింది ఇంకొంచెం వేరు. జెస్సీ మెర్సర్ అనే కళాకారిణి తండ్రి ఆ మంటల్లో ఇల్లు పోగొట్టుకున్నారు. ఆయన దగ్గర తాళంచెవులు ఉన్నాయి, అవి తెరవవలసిన తలుపు లేదు. ఊళ్ళో అందరి జేబుల్లోనూ ఇలాంటి తాళంచెవులే ఉండి ఉంటాయని ఆమెకు తోచింది. వాటిని తనకు ఇమ్మని అడిగి, డబ్బాలు పెట్టించారు. కొందరు పోస్టులో పంపారు. ఇళ్ళవి, కార్లవి, బడులవి, చర్చిలవి, దుకాణాలవి కలిపి సుమారు 18,000 తాళంచెవులు వచ్చాయి. వాటితో ఆమె, కథల్లో బూడిదలోంచి మళ్ళీ లేచే ఫీనిక్స్ పక్షి శిల్పాన్ని తయారుచేయగా, ప్రమాదం జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజున, 2019 నవంబరు 8న, ప్యారడైజ్‌లోనే దాన్ని ఆవిష్కరించారు.

ఆ పక్షి ఎంత అందంగా ఉందన్నది నా దృష్టిలో రెండో సంగతి. పనికిరాని తాళంచెవిని పారేయడానికి ఎవరికీ చేతులు రావు, ఉంచుకుంటే చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. దాన్ని ఇలా ఇవ్వడానికి ఒక చోటు దొరికి, పక్కింటివాళ్ళ తాళంచెవి పక్కనే తమదీ చేరుతుందని తెలిసినప్పుడు మనిషికి కొంత ఊరట కలుగుతుంది. ఓదార్పు చాలావరకు ఆ సేకరణలోనే ఉందని నేను నమ్ముతున్నాను.

ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి పని జరిగింది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో చెలరేగిన కార్చిచ్చుల్లో 173 మంది మరణించారు. వారి జ్ఞాపకార్థం దేశదేశాల కమ్మరులు ఒక్కొక్క లోహపు ఆకునూ సాగగొట్టి పంపగా, వాటిని అతికించిన ఉక్కుచెట్టు స్ట్రాథ్యూవెన్ అనే చిన్న ఊళ్ళో నిలబడి ఉంది. అది శిథిలాలతో చేసింది కాకపోయినా, పదిమంది చేతులూ పడాలన్న ఆలోచన మాత్రం ఒకటే.

ఇవన్నీ చదివి మీకూ ఏదైనా చేయాలనిపిస్తే చాలా సంతోషం. అయితే కాలిన ఇళ్ళ బూడిదను ఎప్పుడూ చేత్తో ముట్టకండి. పాత రంగుల్లోని సీసం, పాత ఇంటికప్పుల్లోని ఆస్బెస్టాస్ వంటి ఒంటికి హాని చేసేవి అందులో కలిసి ఉండవచ్చు. తగిన మాస్కులు, చేతితొడుగులు వేసుకున్న పెద్దలు శుభ్రం చేసి ఇచ్చిన వస్తువులనే వాడాలి. అంతకన్నా ముందు ఆ వస్తువు ఎవరిదో వాళ్ళను అడగాలి. మనకు వంకరపోయిన చెంచాగా కనిపించేది వాళ్ళ అమ్మమ్మ చేతి చెంచా అయి ఉండవచ్చు. వాళ్ళు ఇవ్వనంటే, అక్కడితో ఆ మాట వదిలేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య