సోమవారం, గురువారం మాత్రమే వచ్చే పిల్లగాడు

మా వదిన హన్మకొండల ఇంట్లనే పిల్లల్ని చూస్కుంటది, అయిదారుగురు ఉంటరు, దాదాపు అందరూ రోజూ వచ్చేటోళ్ళే. ఒక్క పోరడు మాత్రం సోమవారం, గురువారమే వస్తడు. 14 నెలలు వానికి, వాళ్ళమ్మ ఆ రెండు రోజులు కాజీపేటల రైలెక్కి హైదరాబాద్ పోయి పొద్దుగూకినంక వస్తది. మిగతా పిల్లలు రెండు వారాలల్ల అలవాటైపోయిండ్రు, వీడు నెలన్నర అయినా గేటు కాడ అమ్మ చున్నీ పట్టుకొని ఒకటే ఏడ్సుడు. "అక్కా, మధ్యల మూడ్రోజులు రాకుంటే మిమ్మల్ని మర్చిపోతున్నడా ఏంది" అని అడిగిందామె.

లెక్కేస్తే నెలన్నరల వాడు వచ్చింది పన్నెండు రోజులే, రోజూ వచ్చే పిల్లలు అవే పన్నెండు రోజులు రెండు వారాలల్ల అయిపోగొట్టిండ్రు. సగం జవాబు అక్కడనే ఉంది. ఇగ మర్చిపోవుడు సంగతి.

1960లల కరొలిన్ రోవీ కొలియర్ అనే అమెరికా సైకాలజిస్టు, తన కొడుకు ఏడ్వకుండ ఉండాలని ఉయ్యాల మీద వేలాడే బొమ్మలకు రిబ్బన్ కట్టి రెండో కొస వాని కాలికి కట్టింది. కాలు ఆడిస్తే బొమ్మలు ఊగుతయ్, వాడు మస్తు తొందరగ కనిపెట్టిండు. అది కాస్త పెద్ద ప్రయోగమైంది: మూడు నెలల పిల్లలు ఆ కాలు తన్నే విద్యను వారం దాకా, ఆరు నెలలోళ్ళు రెండు వారాల దాకా యాది పెట్టుకుంటరని తేలింది, ఏడాది పిల్లలకు ఇంకో బొమ్మ రైలు ఆట పెడితే సుమారు 8 వారాలు. అంటే మనోనికి మూడ్రోజులు ఒక లెక్క కాదు. నాకు అసలు నచ్చింది వేరే ముచ్చట. రెండు వారాలకు పూర్తిగ మర్చిపోయిన మూడు నెలల పిల్లలకు, పరీక్షకు ఒకరోజు ముందు ఆ ఊగే బొమ్మల్ని ఊరికే మూడు నిమిషాలు చూపిస్తే, తెల్లారి మళ్ళ కాళ్ళు తన్నిండ్రు (ఇది 1980 సంవత్సరంల సైన్స్ పత్రికల వచ్చింది). ఇంకోటి, ఆరు నెలల పిల్లలకు ఉయ్యాల చుట్టూ కట్టిన గుడ్డ మారిస్తే చాలు, నిన్న నేర్చుకున్నది కూడ గుర్తుకురాలే. పిల్లల యాది చుట్టుపక్కల వస్తువులకే అంటుకొని ఉంటది అన్నట్టు.

మరి గుర్తుంటే ఎందుకు ఏడుస్తడు అంటే, గుర్తుండుడు వేరు, నమ్మకం కుదురుడు వేరు. ఆ వయసే గట్లాంటిది, ఎనిమిది నెలల నుంచి మొదలై ఏడాదిన్నర దాకా అమ్మ దూరమైతే భయం గట్టిగనే ఉంటది. బెర్లిన్ల 15 నెలల పిల్లల్ని డేకేర్ల కొత్తగ చేర్పించినప్పుడు లాలాజలంల కార్టిసాల్ కొలిసిండ్రు, అది ఒత్తిడికి పెరిగే హార్మోన్. 2004ల వచ్చిందా ఫలితం: తల్లితోని అనుబంధం గట్టిగున్న పిల్లలకు, తల్లి పక్కన కూసున్నన్ని రోజులు తక్కువ ఉంది, తల్లి వదిలి పోయినంక అందరికీ ఒక్కతీరుగనే పెరిగింది. కాబట్టి ఏడ్సుడు చూసి తల్లిది తప్పనుడు కాదు, డేకేర్ మంచిది కాదనుడు కూడ కాదు. ఇంటికాడ నడిపే డేకేర్లల్లనైతే చూసేటోళ్ళు ఎంత దగ్గరికి తీస్తే ఆ హార్మోన్ అంత అదుపుల ఉంటదని మిన్నెసోటా యూనివర్సిటీల మెగన్ గన్నర్ బృందం 2000 సంవత్సరంల చూపించింది.

అదే బెర్లిన్ల ఒక పద్ధతి ఉంది, మొదటి మూడ్రోజులు అమ్మనో నాన్ననో గంటసేపు పిల్లతోనే కూసుంటరు, నాలుగో రోజు కొన్ని నిమిషాలు మాత్రం బయటికి పోయి వస్తరు, అది కూడ సోమవారం అయితే చెయ్యరు, శని ఆదివారాలు ఇంట్ల ఉండి వచ్చిన రోజు కాబట్టి. మన పోరనికి ఉన్న రెండిట్ల ఒకటి సోమవారమే, గురువారమూ రెండ్రోజుల గ్యాప్ తర్వాతనే!

పక్కింటోళ్ళు "కండ్లు గప్పి ఎల్లిపోమ్మా" అంటరు. నాకైతే అది నచ్చది, అమ్మ ఎప్పుడైనా మాయమైతదని వానికి అర్థమైతే ఇంట్ల కూడ కొంగు వదలడు. చెప్పే పోవాలె, కాని నిలబడి పది నిమిషాలు బుజ్జగించొద్దు. గురువారం, సాయంత్రం ఆరు అనే మాటలు వానికేం అర్థమైతయ్, "పడుకొని లేస్తవ్, సర్వపిండి తింటవ్, అమ్మ వస్తది" అంటే అర్థమైతది.

వదిన ఏం చేసిందంటే, వాడు వచ్చినా రాకున్నా వాని చాప అదే కిటికీ కింద, ఎర్ర గ్లాసు అదే గూట్ల, వేరే పిల్లలకు ఇయ్యది. ఆదివారం, బుధవారం రాత్రి వీడియో కాల్ చేసి ఆ గ్లాసు, చాప చూపించి రెండు ముచ్చట్లు పెట్టుడు, అంతే, మూడు నిమిషాలు కూడ కాదు. వీలైతే సోమ, మంగళ వరుసగ పంపమని కూడ అడిగింది గని ఆమె డ్యూటీ కుదరలే.

ఇప్పుడు రెండు నెలలు దాటింది. గేటు కాడ ఇంకా ఏడుస్తడు. కాని ఏడ్సుకుంటనే చెప్పులు తనే విప్పి, పోయి ఎర్ర గ్లాసు కోసం గూటి కాడ చెయ్యి చాపుతడు.