పోయింది ఫోనే కదా! చిన్న దొంగతనాలపై అపోహలు – వాస్తవాలు

దొంగతనం జరిగిందని చెప్పుకోవడానికి కౌన్సెలర్ దగ్గరికి ఎవరూ రారు. నిద్ర పట్టడం లేదనో, ఇంట్లో గొడవలనో, పిల్ల హాస్టల్‌కి వెళ్ళనంటోందనో వస్తారు. నాలుగు మాటలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది: ఫోన్ పోయింది, గొలుసు తెంపుకుపోయారు, బీరువాలో డబ్బు కనబడలేదు. ఈ విషయంలో నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: పోయింది చిన్నదైతే బాధా చిన్నదే.

వాస్తవం: వస్తువు ధర వేరు, అది లేక ఆగిపోయే బతుకు వేరు. టిఫిన్ బండి నడిపే ఒకాయనకి రాత్రికి రాత్రి గ్యాస్ సిలిండర్, స్టవ్ పోయాయి. మర్నాడు బండి పెట్టలేదు, రుబ్బిన పిండంతా పులిసిపోయింది. గిన్నెలు కడిగే ఆమెకి ఆ రోజు కూలి లేదు. రోజువారీ ఫైనాన్స్ కుర్రాడు మాత్రం టైమ్‌కి వచ్చి నిలబడ్డాడు. ఫోన్ పోతే మరీను. బ్యాంకు ఓటీపీలు, పిల్లల ఫొటోలు, చనిపోయిన నాన్న పంపిన వాయిస్ మెసేజ్‌లు అన్నీ అందులోనే.

అపోహ: జాగ్రత్తగా ఉంటే పోయేది కాదు.

వాస్తవం: వెనకనుంచి బైకు మీద వచ్చి రెండు క్షణాల్లో లాక్కుపోతుంటే జాగ్రత్తపడే టైమెక్కడిది? ఒకావిడ పుస్తెలతాడు పోయాక పసుపుతాడు కట్టుకుని, అడిగినవాళ్ళకల్లా "బ్యాంకులో తాకట్టు పెట్టాం" అని చెప్పింది. అప్పులపాలయ్యారనుకున్నా ఫర్వాలేదట. "అంత బంగారం వేసుకుని వాకింగ్‌కి ఎందుకెళ్ళావ్" అన్న మాట మాత్రం పడలేనంది. మెడ మీద గీరుకుపోయిన గాయాన్ని కూడా కొంగుతో కప్పుకుని తిరిగింది. పలకరించడానికి వచ్చి లాయర్లలా ప్రశ్నలు వేస్తే ఎవరైనా నోరు మూసుకుంటారు, ఫిర్యాదూ ఇవ్వరు.

అపోహ: అడగ్గానే కంగారుపడ్డవాళ్ళే దొంగలు.

వాస్తవం: గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడనే సామెత మనకి మహా ఇష్టం. నేను చూసినంతలో అమాయకుల్ని ఇంతగా ఏడిపించిన సామెత ఇంకోటి లేదు. రేపటి జీతం మీద ఆధారపడ్డ మనిషిని పట్టుకుని "నువ్వు తీశావా?" అంటే చేతులు వణుకుతాయి. తీసినా వణుకుతాయి, తీయకపోయినా వణుకుతాయి. అబద్ధాన్ని పసిగట్టడం మీద జరిగిన రెండు వందలకు పైగా అధ్యయనాలను ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2006లో కలిపి చూశారు. జనం సగటున నూటికి 54 సార్లే సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసా వేసుకున్నా యాభై వస్తుంది.

మంత్రించిన బియ్యం నమిలించి, పొడిగా ఉమ్మినవాళ్ళే దొంగలనడమూ ఇంతే. భయపడితే నోరు ఎండిపోతుంది, బియ్యం పొడిగానే ఉంటుంది. ఆ భయం దొరికిపోతాననా, అన్యాయంగా ఇరుక్కుంటాననా అన్నది అందులో తేలదు. ఇక కాటుక పూసిన తమలపాకులో పిల్లాడి చేత దొంగని చూపించే అంజనమంటారా, పెద్దవాళ్ళు ముందే గొణుక్కున్న పేరే వాడికి అందులో కనబడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంగరం కనబడకపోతే అనుమానం మొదట పనమ్మాయి మీదికి, తర్వాత వాచ్‌మన్ పిల్లల మీదికి, ఆ తర్వాత ఊరినుంచి వచ్చి ఉంటున్న బీద చుట్టం మీదికి వెళ్తుంది. నాకు తెలిసిన ఒకరింట్లో ఆ ఉంగరం పది రోజులకి శనగపిండి డబ్బాలో దొరికింది. ఈలోగా వాట్సాప్ గ్రూపులో పనమ్మాయి పేరు పెట్టేశారు, అదే బ్లాకులో ఆమెకి ఇంకో మూడిళ్ళ పని పోయింది. దొరికిందని మాత్రం గ్రూపులో ఎవరూ పెట్టలేదు. ఆమె కూతురు బళ్ళో ఎవరి పెన్సిల్ కిందపడినా తీసివ్వడం మానేసిందని టీచర్ చెప్పింది.

అనుమానముంటే పోలీసులకి చెప్పండి. గదిలో కూర్చోబెట్టి గద్దించడం, చెయ్యి చేసుకోవడం మీ పని కాదు. కొడితే కేసు మీ మీద పడుతుంది.

అపోహ: చిన్నదానికి కేసెందుకు, ఎలాగూ దొరకదు.

వాస్తవం: ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు కాపీతో సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు) బ్లాక్ చేయించవచ్చు. 2023 మే నుంచి ఈ సౌకర్యం దేశమంతటా ఉంది. ఆ నంబరు ఫోన్ బాక్సు మీద ఉంటుంది, ఇప్పుడే ఒక ఫొటో తీసి ఇంట్లోవాళ్ళకి పంపండి. "పాపం, కుర్రాడి జీవితం పాడవుతుంది" అని ఆగేవాళ్ళకి ఇంకో సంగతి: 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు దాన్ని తిరిగిచ్చేస్తే, జైలు కాదు, సమాజ సేవ శిక్షగా వేస్తారు.

అపోహ: కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది.

వాస్తవం: చాలామందికి నిజంగానే సర్దుకుంటుంది. ప్రతి భయానికీ ట్రామా అని పేరు పెట్టడం నాకూ నచ్చదు. కానీ నెల దాటినా రాత్రి పదేపదే లేచి తలుపు గడియ చూసుకుంటున్నా, బైకు చప్పుడుకి చెయ్యి మెడ మీదికి పోతున్నా సాయం తీసుకోవాలి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ళని ఇంకాస్త గమనించండి. భయమని చెప్పరు, మోకాళ్ళ నొప్పులని చెప్పి గుడికి వెళ్ళడం మానేస్తారు.