బయటపడని మనసుకు ఒక మాట: అవహిత్థ

మనసులో ఒకటి ఉండగా ముఖం మీద మరొకటి కనబరచడానికి ఒక్క మాట ఉందా అని ఒక పాఠకురాలు అడిగారు. ఉంది. అవహిత్థ. అమరకోశం దీనికి 'ఆకారగుప్తి' అని అర్థం చెప్పింది. అంటే లోపలి భావాన్ని పట్టిచ్చే ముఖకవళికలను దాచుకోవడం. భరతముని నాట్యశాస్త్రంలోని 33 వ్యభిచారి భావాల్లో, అంటే ప్రధాన భావం వెంట వచ్చిపోయే భావాల్లో, ఇదొకటి.

ఈ మాట పుట్టుకంటే నాకు ఎంతో ఇష్టం. 'బహిః' అంటే బయట, 'స్థ' అంటే ఉండేది. ముందు 'అ' చేరిస్తే అబహిఃస్థ, బయట ఉండనిది. జనం నోట, ప్రాకృతంలో, ఇది అరిగింది. అచ్చుల మధ్య చిక్కిన 'బ' మెత్తబడి 'వ' అయింది. విసర్గ, 'స', 'థ' కలిసిన ముద్ద 'త్థ'గా కుదించుకుపోయింది. హస్తం ప్రాకృతంలో 'హత్థ' అయి, హిందీలో 'హాథ్'గా మిగిలింది కదా, అదే దారి! అలా మారిన రూపమే మళ్లీ సంస్కృతంలో కుదురుకుందని పండితుల ఊహ. 'బయట' అన్న ముక్క ఇందులోనే ఉంది, కానీ వేషం మార్చుకుని ఉంది. వ్యుత్పత్త్యర్థాలను మార్కుల కోసం బట్టీ పట్టించే బదులు, పిల్లలను ఇలా ఒక్కో ధ్వని వెంట నడిపిస్తే ఎంత బాగుంటుంది!

సిగ్గు, భయం, ఓటమి, పెద్దల పట్ల గౌరవం దీనికి కారణాలని భరతుడు చెప్పాడు. మాట మార్చడం, చూపు తప్పించడం, సంభాషణ మధ్యలో తుంచేయడం, లేని ధైర్యం నటించడం దీని గుర్తులు. చివరిదాన్నే మనం మేకపోతు గాంభీర్యం అంటాం. చూపు తప్పించినవాడు అబద్ధమే ఆడుతున్నాడనడం మాత్రం వట్టి మూఢనమ్మకం. సిగ్గుకూ గౌరవానికీ కూడా చూపు వాలుతుంది.

ముఖాన్ని దాచడం ఎందుకంత కష్టం? 1862లో ఫ్రెంచి వైద్యుడు డుషెన్ నవ్వును రెండు కండరాలుగా విడదీసి చూపాడు. పెదవి కొసలను పైకి లాగే కండరం మన ఆజ్ఞ వింటుంది. కంటి చుట్టూ ఉండే వలయాకార కండరాన్ని మాత్రం నిజమైన సంతోషమే కదిలిస్తుందని ఆయన వాదన. కొందరు దాన్నీ కావాలని కదిలించగలరని తర్వాత తేలింది. అయినా పొంగుకొచ్చే నవ్వును కళ్లలో ఆపడం తేలిక కాదు.

కాళిదాసు కావ్యం కుమారసంభవం ఆరో సర్గలో, శివుడి తరఫున వచ్చిన అంగిరస మహర్షి హిమవంతుడితో పెళ్లిమాట ఎత్తుతాడు. తండ్రి పక్కనే ఉన్న పార్వతి చేతిలోని తామర రేకులు లెక్కపెడుతుంది. అవహిత్థకు ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్ర పండితులు, చూపే ఉదాహరణ ఇదే. అప్పుడామె తల వంచుకుని ఉందని కాళిదాసు చెప్పాడు. ఆ కళ్లు ఎవరికీ కనబడవు.