ఉద్యోగం చేసే కోడలు, పుట్టని మనవడు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

సంతాన సాఫల్య కేంద్రానికి వచ్చే జంట వెనకే ఒక అభిప్రాయం కూడా లోపలికి వస్తుంది. సాధారణంగా అత్తగారి నోట, అప్పుడప్పుడు కన్నతల్లి నోట: "చదువులు, ఉద్యోగాలు అంటూ వయసు దాటబెట్టుకున్నారు. ఇప్పుడు అనుభవిస్తున్నారు." గైనకాలజిస్టుగా నేను రోజూ వినే ఈ మాటలో మూడు వేర్వేరు సంగతులు కలగాపులగం అయిపోయాయి. తక్కువమందిని కనడం ఒకటి. కనాలని ఉన్నా కలగకపోవడం మరొకటి. అసలు వద్దనుకోవడం ఇంకొకటి. మూడింటి కారణాలు వేరు. వైద్యం అవసరమైంది రెండోదానికి మాత్రమే. నింద మాత్రం మూడింటికీ కలిపి ఒక్కరి మీదే పడుతోంది.

అపోహ: ఆడపిల్లలు ఉద్యోగాలకు వెళ్లడం వల్లే మన దగ్గర జననాలు పడిపోయాయి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే ఈ సగటు 2.1 ఉండాలి. ఇంతవరకు పత్రికల్లో అందరూ చదివిందే. అదే సర్వేలో తరువాతి పేజీలు ఎవరూ తిరగెయ్యరు. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. ఇంత ఎక్కువ దేశంలో మరే రాష్ట్రంలోనూ లేదు. తెలంగాణలో ఇది 62 శాతం. ఇక 20-24 ఏళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతానికి పైనే.

ఈ అంకెలను పక్కపక్కన పెడితే కనిపించేది హైటెక్ సిటీలో లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి కాదు. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోనే ఆపరేషన్, పాతికేళ్లు నిండేలోపే ఆ అధ్యాయం ముగింపు. ఆమె వరినాట్లకు వెళ్తుంది, మిరపకాయల కోతకు వెళ్తుంది. ఆమె తల్లీ అమ్మమ్మా కూడా కూలికి వెళ్లినవాళ్లే. పెళ్లి వయసు పెరగకుండా, ఆడవాళ్ల చదువు పెద్దగా పెరగకుండా ఆంధ్రలో జననాలు అంత వేగంగా తగ్గడం 1990లలో జనాభా నిపుణులకే అంతుపట్టలేదు. "ఇద్దరు చాలు" అని ఊరూరా గోడల మీద రాయించింది ప్రభుత్వమే. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చట్టంలో పెట్టిందీ ప్రభుత్వమే. ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. ముప్పై ఏళ్ల పాటు చెప్పిన మాట విన్నవాళ్లను ఇప్పుడు ఎందుకిలా చేశారని అడగడం నాకైతే న్యాయంగా అనిపించదు.

బయటి దేశాల లెక్క కూడా ఈ అపోహను బలపరచదు. 1980ల చివరి నుంచి ధనిక దేశాల్లో వరస మారిపోయింది. ఆడవాళ్లు ఎక్కువగా ఉద్యోగాలు చేసే ఫ్రాన్స్, స్వీడన్‌లలో కంటే, తక్కువగా చేసే ఇటలీలో పిల్లలు తక్కువ. దక్షిణ కొరియాలో 2023లో సగటు 0.72కు పడిపోయింది. అక్కడ ఆఫీసు పని గంటలు ఎక్కువ, ఇంటి పనీ పిల్లల పనీ మళ్లీ ఆమె మీదే. మన దగ్గర 2024 కాల వినియోగ సర్వేలో తేలింది చూడండి: ఇంటి పని చేసేవారిలో మహిళలు రోజుకు 289 నిమిషాలు చేస్తే, పురుషులు 88 నిమిషాలు. రెండో బిడ్డ సంగతి ఎత్తగానే కోడలు ఎందుకు మౌనంగా ఉంటుందో తెలియాలంటే ఆమె జీతం చీటీ కంటే ఈ రెండు వందల నిమిషాల తేడా చూడటం మంచిది.

అపోహ: లోపం ఆమెదే అయి ఉంటుంది

నా బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో ఒక రకం ఉంది. రెండు అంగుళాల మందం. నాలుగు ఆస్పత్రుల స్కానింగులు, మూడుసార్లు చేయించిన థైరాయిడ్, గర్భాశయ నాళాలు (ట్యూబులు) తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే, ఎవరో పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూసే లాపరోస్కోపీ కూడా చేసేశారు, దాని సీడీ. అన్నీ ఆమె పేరు మీదే. చివరి కాగితం దాకా తిప్పినా ఆయన వీర్య పరీక్ష రిపోర్టు ఉండదు. ఆయన ఎక్కడ అంటే బయట కారు పార్కింగ్ దగ్గర ఫోను మాట్లాడుతుంటారు. "ఆయనకేమీ ఇబ్బంది లేదు డాక్టరుగారూ, ఆరోగ్యంగానే ఉన్నారు" అని ఆమె చెబుతుంది, ఎంతో నమ్మకంగా.

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం, ఒంటరిగానో ఆమె వైపు సమస్యతో కలిసో, ఉంటుంది. దాంపత్యంలో ఏ ఇబ్బందీ లేకపోవడానికి, వీర్యంలో కణాలు సరిపడా ఉండటానికి సంబంధం లేదు. కండలు తిరిగిన మనిషిలో ఒక్క కణం కూడా లేకపోవచ్చు. పైగా ఆ కండలే కారణం కావచ్చు. జిమ్ముల్లో తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీని ఆపేస్తాయి. ఈ మాట చెప్పినప్పుడు నమ్మని కుర్రవాళ్లే ఎక్కువ, ఎందుకంటే పేరులోనే మగ హార్మోను ఉంది కదా. చాలామందిలో మానేశాక కణాలు తిరిగి వస్తాయి, అయితే నెలలు పడుతుంది.

వీర్య పరీక్ష ఆమెకు చేసే చాలా పరీక్షల కంటే చౌక. సూది ఉండదు, నొప్పి ఉండదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కింది హద్దు. దాని కంటే తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, ఇంకా చూడాలని అర్థం. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, సంక్రాంతికి వచ్చిన తీవ్ర జ్వరం ప్రభావం ఉగాది రిపోర్టులో కనిపించవచ్చు. పొగాకు, గుట్కా, మద్యం కూడా దెబ్బ తీస్తాయి.

నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. మొదటి విడతలోనే ఇద్దరికీ పరీక్షలు. ఆయన రిపోర్టు వచ్చేదాకా ఆమెకు ఎక్స్‌రే రాయను. ఈ షరతు వినగానే రెండోసారి రాని జంటలు ఉన్నాయి. వాళ్లు మరో డాక్టరు దగ్గర ఆమెకు నాలుగోసారి థైరాయిడ్ చేయించుకుంటూ ఉంటారు.

అపోహ: త్వరగా పెళ్లి చేస్తే ఈ బాధ ఉండదు, ఆలస్యమైనా ఐవీఎఫ్ ఉంది

రెండూ తప్పే, ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనా ఒకే ఇంట్లో రెండూ వినిపిస్తాయి.

పంతొమ్మిదేళ్లకు పెళ్లయి, ఇరవై మూడేళ్లకు మా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు. క్షయ అంటే ఊపిరితిత్తుల జబ్బనే అందరికీ తెలుసు. అది గర్భాశయ నాళాలనూ పట్టుకుంటుంది. దగ్గు ఉండదు, జ్వరమూ ఉండకపోవచ్చు, ట్యూబులు మాత్రం మూసుకుపోతాయి. మన దేశంలో సంతానలేమికి ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి, దీనికి పెళ్లి వయసుతో పనిలేదు.

అలాగని వయసు లెక్క అబద్ధం కాదు. ఆడపిల్ల పుట్టినప్పుడే అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల అండాలుంటాయి, రజస్వల అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, ఆ తరువాత కొత్తవి చేరవు. ముప్పై దాటిన మర్నాడే తలుపు మూసుకుపోదు. ముప్పై అయిదు దాటాక మాత్రం తగ్గుదల వేగం అందుకుంటుంది, గర్భస్రావాలూ పెరుగుతాయి. అందుకే సాధారణంగా ఏడాది ప్రయత్నించాక డాక్టరును కలవమని చెబుతాం, ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే.

ఈ భయాన్ని సొమ్ము చేసుకునే ప్యాకేజీలూ వచ్చాయి. పెళ్లి కూడా కాని అమ్మాయికి హెల్త్ చెకప్‌లో ఏఎంహెచ్ పరీక్ష (అండాల నిల్వను సూచించే హార్మోనుకు చేసే రక్తపరీక్ష) చేసి, అంకె తక్కువ వచ్చిందని బెదరగొట్టడం చూస్తున్నాను. ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు వస్తాయో అంచనా వేయడానికి ఆ పరీక్ష పనికొస్తుంది. సహజంగా గర్భం వస్తుందో రాదో అది చెప్పదు. 2017లో అమెరికాలో 30-44 ఏళ్ల మహిళల మీద జరిగిన అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువున్నవారికీ మిగతావారికీ గర్భం దాల్చే అవకాశంలో తేడా కనిపించలేదు.

ఇక ఐవీఎఫ్, అంటే అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపే పద్ధతి, వయసును వెనక్కి తిప్పదు. నలభై మూడేళ్ల అండం ల్యాబులోనూ నలభై మూడేళ్లదే. పెద్ద వయసులో తల్లులయ్యారని వార్తల్లో కనిపించే చాలా సందర్భాల్లో అండం వేరొకరిది, అది వార్తలో ఉండదు. ఇలాంటి సంతాన చికిత్సలను నియంత్రించే 2021 చట్టం ప్రకారం వీటికి ఆమె వయసు 50, ఆయన వయసు 55 దాటకూడదు.

అపోహ: చికిత్స ఫలించాలంటే ఉద్యోగం మానెయ్యాలి

అడ్డు ఉద్యోగం కాదు, సెలవు దొరకకపోవడం. అండం పెరుగుదల చూడటానికి రోజు విడిచి రోజు స్కానింగు ఉంటుంది. అండాలు తీయడానికి సుమారు 36 గంటల ముందు ఒక ఇంజెక్షన్, చెప్పిన నిమిషానికి పడాలి. రాత్రి షిఫ్టులో ఉన్న ఒక అమ్మాయి లంచ్ బ్యాగులో, పెరుగన్నం డబ్బా పక్కన ఐస్ ప్యాకులో ఆ మందు పెట్టుకుని వెళ్లి, ఆఫీసు విశ్రాంతి గదిలో తానే పొడుచుకుంది. మేనేజరుకు మాత్రం జ్వరమని చెప్పి సెలవులు పెట్టింది. నిజం చెబితే వచ్చే ప్రాజెక్టు పోతుందని భయం.

పిండం లోపల పెట్టాక మంచం దిగకూడదన్న నియమానికి ఆధారం లేదు. పడుకుంటే ఫలితాలు మెరుగుపడవని పరీక్షించి మరీ తేల్చారు. మెట్లెక్కవచ్చు, ఆఫీసుకు వెళ్లవచ్చు. పైగా ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి ఐవీఎఫ్ ఖర్చు వర్తించదు. ఆ ఖర్చు భరించేది చాలా ఇళ్లలో ఇద్దరి జీతాలు కలిపే. గర్భస్రావమైతే, అర్హత ఉన్న ఉద్యోగినికి ఆరు వారాల వేతనంతో కూడిన సెలవు చట్టమే ఇస్తోంది. అడిగేవాళ్లు అరుదు.

అపోహ: ఎవరినైనా పెంచుకుంటే కడుపు పండుతుంది

పండదు. దత్తతకూ గర్భానికీ సంబంధం లేదు. తరువాత కలిగిన ఒకరి కథ ఊరంతా చెప్పుకుంటారు, కలగని పదిమంది కథ ఎవరూ చెప్పుకోరు. గర్భం వస్తుందన్న ఆశతో కాక, బిడ్డను పెంచుకోవాలనే తెచ్చుకోవాలనుకుంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ పోర్టల్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోండి. నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. నాలుగు ఐవీఎఫ్‌లు అయ్యాక చూద్దాం అనుకునేవాళ్లు ఈ లెక్క తెలియకే నష్టపోతున్నారు.

అపోహ: పిల్లలు వద్దనుకోవడం ఈ తరానికి పట్టిన కొత్త జబ్బు

పశ్చిమ ఐరోపాలో 1900 ప్రాంతంలో పుట్టిన ఆడవాళ్లలో సుమారు అయిదో వంతు మంది పిల్లలు లేకుండానే జీవితం గడిపారు. ఆలస్యపు పెళ్లిళ్లు, అసలు కాని పెళ్లిళ్లు, యుద్ధం, ఆర్థికమాంద్యం కారణాలు. మన దగ్గర కావాలని మానుకున్నవారు ఇప్పటికీ కొద్దిమందే. అలాంటి జంటను తల్లిదండ్రులు పరీక్షల పేరుతో నా దగ్గరికి లాక్కొస్తే, వాళ్లు పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టి విషయం చెబుతారు. నేను రక్తపోటు చూసి పంపిస్తాను.

అపోహ: పిల్లలు లేకపోతే ముసలితనంలో చట్టం కూడా ఆదుకోదు

ఇది నా వైద్యం పరిధి కాదు, కానీ తరచూ అడుగుతారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లలున్నవాళ్లకే పరిమితం కాదు. సంతానం లేని వృద్ధుల ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు, స్తోమత ఉంటే, వారిని పోషించాలి. లేకపోతే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చూసుకుంటారన్న షరతు మీద ఇల్లు రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. అన్న కొడుక్కో చెల్లెలి కూతురికో ఇల్లు రాసేటప్పుడు, పోషణ బాధ్యత వాళ్లదేనన్న వాక్యం గిఫ్ట్ డీడ్‌లో స్పష్టంగా రాయించండి. ఆ వాక్యం లేకుండా రాసిచ్చి తరువాత కోర్టుకెక్కితే చాలా ఇబ్బంది పడతారు.